మార్కాపురం పలకరాయి టైల్స్: పొర చూసి కొనాల్సిన రాయి

ఇంటి ముందు గోడకి, అరుగుకి, మెట్లకి, కాంపౌండ్ గోడకి మార్కాపురం పలకరాయి వేయొచ్చా అంటే, ఏరి తెచ్చుకుంటే నిక్షేపంగా వేయొచ్చు. వంటగట్టు మీద మాత్రం వద్దు. ఎప్పుడూ తడిగా ఉండే బాత్‌రూమ్ గచ్చుకి దీనికన్నా మంచివి ఉన్నాయి. ఈ రాయి మీద మూడు ఫిర్యాదులు తరచుగా వినిపిస్తాయి: పొరలు లేస్తున్నాయని, తుప్పు మరకలు వచ్చాయని, పైన తెల్లగా పొడి పట్టిందని. మూడూ నిజమే. రాయి ఎలా పుట్టిందో తెలియకుండా కొని, గ్రానైట్ వేసినట్టే వేస్తే ఈ మూడూ వచ్చి తీరతాయి. అందుకని దుకాణంలోకి వెళ్ళేముందు కొంచెం భూమి లోపలికి వెళ్ళాలి.

మార్కాపురం, కంభం చుట్టుపక్కల ఉన్నవి కడప శిలా సముదాయంలో నల్లమల వర్గానికి చెందిన రాళ్ళు. ఇందులో పలకరాయి దొరికే భాగానికి భూగర్భ శాస్త్రంలో కంభం ఊరి పేరే పెట్టారు. వంద కోట్ల ఏళ్ళకు పూర్వం ఇక్కడి సముద్రం అడుగున సన్నటి బురద పేరుకుంది. పైబరువుకి నీరు పిండుకుపోయి, గట్టిపడి షేల్ అనే బురదరాయి అయింది. అంతవరకూ అది అవక్షేప శిల. తర్వాత తూర్పు నుంచి వచ్చిన నెట్టుడుకి పొరలన్నీ ముడతలు పడి లోతుకి దిగాయి. కిలోమీటరు లోతుకి సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. 200 డిగ్రీలు దాటేసరికి బంకమన్ను ఖనిజాలు ఇక నిలవలేవు. కరగకుండానే, గట్టి రాయిలా ఉండగానే, అవి సన్నటి అభ్రకంగానూ ఆకుపచ్చటి క్లోరైట్‌గానూ మారిపోతాయి. కరిగి మళ్ళీ గడ్డకడితే అగ్ని శిల అవుతుంది. కరగకుండా లోపలి ఖనిజాలూ వాటి అమరికా మారితే రూపాంతర శిల.

కొత్తగా పుట్టే అభ్రకపు రేకులు ఒత్తిడి వచ్చే వైపుకి పెరగలేవు, దానికి అడ్డంగా పరుచుకుంటాయి. కంటికి కనపడనంత చిన్న రేకులు, లెక్కలేనన్ని, ఒకే వాటంగా సర్దుకునేసరికి రాయి ఆ వాటం వెంటే చీలుతుంది. మనం డబ్బిచ్చి కొనేది ఈ చీలే గుణాన్నే. బురద పేరుకున్న పొర వేరు, ఈ చీలిక పొర వేరు. ముడత పక్కభాగాల్లో రెండూ దాదాపు ఒకే వాటంలో ఉంటాయి. ముడత మలుపు దగ్గర ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తాయి. టైల్ ముఖం మీద వేరే రంగు చార ఏటవాలుగా పోతుంటే అది పాత బురద పొర జాడ. చార కూడా మిగతా రాయంత సన్నగా ఉంటే భయం లేదు, పైగా అందం. గోటితో రాస్తే ఇసకలా గరుగ్గా తగిలితే ఆ టైల్ పక్కన పెట్టండి. ఇసక పాలు ఎక్కువున్న చారలో అభ్రకం తక్కువ కాబట్టి చీలిక అక్కడ దారి మళ్ళుతుంది. మేస్త్రి సుత్తి పిడితో తట్టి సర్దేటప్పుడు టైల్ సరిగ్గా ఆ గీత మీదే రెండవుతుంది.

రంగు కూడా పుట్టుక చెప్పేదే. నలుపు, బూడిద రంగు రాళ్ళలో పాత బురదతో పాటు పూడిన జీవపదార్థపు కర్బనం ఉంటుంది. ఆకుపచ్చకి కారణం క్లోరైట్. ఎరుపు, ఊదా రంగులు హెమటైట్ వల్ల, అంటే ఇనుము ముందే ఆక్సిజన్ పట్టుకుని స్థిరపడింది కనక ఆ రంగులు ఎండకీ వానకీ పెద్దగా మారవు. పసుపు, గోధుమ, రాగి మెరుపు కలగలిసిన ‘మల్టీకలర్’ రకాల సంగతి వేరు. చాలావరకు ఆ రంగులు నేలలోకి దిగిన నీటి వల్ల రాయిలోని ఇనుము తుప్పుపట్టి వచ్చినవి. ఆ తుప్పు ఇంకా పూర్తికాకపోతే మీ గోడ మీద కొనసాగుతుంది. బయట గోడకి మల్టీకలర్ కన్నా బూడిద, ఆకుపచ్చ, ఊదా రకాలనే మేం సిఫార్సు చేస్తాం.

దుకాణంలో అన్ని రాళ్ళనీ రెండు మూడు పేర్ల కింద సర్దేస్తారు కాబట్టి వర్గీకరణ తెలిసుంటే మోసపోరు. రూపాంతర శిలలకి మొదటి ప్రశ్న: పొరల వాటం ఉందా లేదా? ఉంటే, రేణువు ఎంత పెద్దది? రేణువు కంటికి కనపడకుండా, బల్లపరుపుగా చీలితే పలకరాయి. చీలిన ముఖం పట్టులా మెరుస్తూ సన్నటి అలలు తేలి ఉంటే ఫిల్లైట్. అభ్రకం రేకులు కంటికి స్పష్టంగా కనపడితే షిస్ట్. నలుపు తెలుపు పట్టీలుగా ఖనిజాలు విడిపోయి, చీలడం మానేస్తే నైస్. బురదరాయి మీద వేడీ ఒత్తిడీ పెరుగుతున్న కొద్దీ వచ్చే వరస ఇది. పొరల వాటం లేకపోతే అసలు రాయి ఏదన్నది చూస్తారు: సున్నపురాయి మారితే పాలరాయి, ఇసకరాయి మారితే క్వార్ట్‌జైట్, వేడి శిలాద్రవం పక్కన కాలిన బురదరాయి అయితే హార్న్‌ఫెల్స్.

ఈ వరస మన దగ్గర నేల మీదే పరిచి ఉంది. మార్కాపురం, కంభం దగ్గర పలకరాయి. అక్కడి నుంచి తూర్పుకి వెలిగొండల వైపు వస్తుంటే రాయి మెరుపెక్కి ఫిల్లైట్ అవుతుంది. కొండలు దాటితే ఉదయగిరి, వింజమూరుల మీదుగా సాగే నెల్లూరు షిస్ట్ పట్టీ. దీన్ని నల్లమల రాళ్ళ మీదికి తూర్పు నుంచి భూమి తోసింది. ఈ పట్టీ రాళ్ళలో గార్నెట్, స్టారోలైట్, కయనైట్ కనపడతాయి. ఏ ఖనిజం కనపడితే ఎంత వేడి తగిలిందో చెప్పవచ్చని 1893లో జార్జ్ బారో అనే భూగర్భ శాస్త్రవేత్త స్కాట్లండ్ కొండల్లో చూపించాడు. ఆయన పేరుతో స్థిరపడిన వరస క్లోరైట్, బయోటైట్, గార్నెట్, స్టారోలైట్, కయనైట్, సిల్లిమనైట్. మార్కాపురం రాయి ఆ వరసలో మొదటి మెట్టు, నెల్లూరు షిస్టులు నడిమి మెట్లు. ఇంకా తూర్పున, ఒంగోలు వైపు చార్నొకైట్లున్నాయి. అవి భూమి అడుగుభాగంలో, 800 డిగ్రీలు దాటిన వేడిలో తయారైన రాళ్ళు. అంత వేడికి అభ్రకంలోని నీరు కూడా పోతుంది. అభ్రకం లేకపోతే చీలిక లేదు, అందుకే చార్నొకైట్‌ని ఉలితో పలకలు తీయలేరు, రంపంతో కోయాల్సిందే. నెల్లూరు అభ్రకానికి పేరు తెచ్చిన పెద్ద పెద్ద రేకులు మాత్రం షిస్టువి కావు. షిస్టులోకి చొచ్చుకొచ్చిన పెగ్మటైట్ అనే అగ్ని శిలవి.

ఇక దుకాణంలో జరిగే కలగాపులగం. కడప బండని ‘బ్లాక్ స్లేట్’ అని అమ్మడం చూస్తాం. కడప బండ సున్నపురాయి, అసలు రూపాంతర శిలే కాదు. తేడా తెలియాలంటే రెండు పాళ్ళ నీళ్ళలో ఒక పాలు బాత్‌రూమ్ యాసిడ్ పోసి (నీళ్ళలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు) వెనకవైపు ఒక చుక్క వేయండి. బుసబుస పొంగితే సున్నపురాయి. మంచి పలకరాయి మీద ఏమీ జరగదు. చీమకుర్తి గెలాక్సీ అనే నల్లరాయిని గ్రానైట్ అంటారు గానీ అది గ్యాబ్రో జాతి అగ్ని శిల. అందులో మెరిసే చుక్కలు పైరాక్సీన్ ఖనిజానివి. వంటగట్టుకి అది పలకరాయి కన్నా ఎన్నో రెట్లు నయం. రంగురంగుల అలలున్న ‘గ్రానైట్’ చాలావరకు నైసే. అది లోటు కాదు, గచ్చుకి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

మార్కాపురం రాయికి దేశమంతటా పేరు తెచ్చింది పిల్లల పలక. దాని మీద రాసే బలపం కూడా రూపాంతర శిలే, టాల్క్ ఖనిజపు మెత్తటి రాయి. కడప, అనంతపురం వైపు డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పొరల్లోకి చొచ్చుకొచ్చిన శిలాద్రవం వేడికి అలాంటి రాయి పుట్టింది. కాఠిన్యం కొలతలో టాల్క్ 1, పలకరాయి సుమారు 3. గీత పడేది అందుకే. గచ్చుకి కొనేవాళ్ళు ఇదే అంకెని ఇంకోలా చదవాలి. ఇసకలోని క్వార్ట్‌జ్ కాఠిన్యం 7, అంటే చెప్పుల కింద ఇసక రేణువు ప్రతి అడుగుకీ ఈ రాయిని గీస్తుంది. సహజంగా చీలిన గరుకు ముఖం మీద ఆ గీతలు కలిసిపోతాయి. నున్నగా పాలిష్ చేసిన పలకరాయి మీద ఏడాది తిరిగేసరికి నడక దారి కనపడుతుంది. కాబట్టి పాలిష్ రకం గచ్చుకి తీసుకోవద్దు.

తయారీ మంచిదో కాదో అంచు చూస్తే తెలుస్తుంది. క్వారీ నుంచి వచ్చిన దిమ్మెని ఆరనివ్వకూడదు. లోపలి తేమ ఉన్నప్పుడే శుభ్రంగా చీలుతుంది. పనివాడు వెడల్పు, పలచన ఉలిని అంచు మీద ఆనించి, చిన్న దెబ్బలతో ఆ చివరినుంచి ఈ చివరికి గాటు పెట్టుకుంటూ వస్తాడు. గాటు వెంట సన్నగా గీత తెరుచుకోగానే ఉలిని వాల్చి ఒత్తుతాడు. ఎప్పుడూ దిమ్మెని సగానికి చీలుస్తాడు, ఆ సగాన్ని మళ్ళీ సగానికి. ఒక పక్క పలచగా, ఒక పక్క మందంగా తీయబోతే చీలిక పలచటి వైపుకి పరిగెత్తి ముక్క మధ్యలోనే తెగుతుంది. ఆరిపోయిన దిమ్మెని బలవంతంగా చీలిస్తే టైల్ లోపల కనపడని అరచీలికలు మిగులుతాయి. రెండు మూడు వానాకాలాల తర్వాత లేచే పొరలు ఇవే.

కొనేటప్పుడు టైల్‌ని ఒక మూల రెండు వేళ్ళతో వేలాడదీసి వేలి కణుపుతో కొట్టండి. గంటలా మోగాలి. బద్దగా ‘డబ్’మంటే లోపల చీలిక ఉంది. తర్వాత నోటి ఆవిరి ఊది వాసన చూడండి, తడిమట్టి వాసన గట్టిగా వస్తే బంకమన్ను ఇంకా పూర్తిగా అభ్రకంగా మారలేదన్నమాట, అలాంటిది బయట వేయకూడదు. ఒకటి రెండు టైల్స్ ఇంటికి తెచ్చుకుని తూకం పరీక్ష చేస్తే ఇంకా మంచిది. 30 సెంటీమీటర్ల చదరం, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న టైల్ సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది. మంచి ఎండలో రెండు రోజులు ఆరబెట్టి వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి, ఒక రోజంతా నీళ్ళలో ముంచి, తీసి, పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ తూచండి. ఏఎస్‌టీఎం సీ629 అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం బయట వాడే పలకరాయి తన బరువులో 0.25 శాతానికి మించి నీరు పీల్చకూడదు, లోపల వాడేది 0.45 శాతానికి మించకూడదు. మన టైల్ లెక్కలో అది 6 గ్రాములు, 11 గ్రాములు. ప్రయోగశాల పద్ధతి ఇంతకన్నా కచ్చితంగా ఉంటుంది గానీ, 20 గ్రాములు పెరిగిన టైల్‌ని వదిలేయడానికి ఈ తూకం చాలు.

తుప్పు మరకకి మూలం పైరైట్. ఇనుము, గంధకం కలిసిన, పసుపు లోహపు మెరుపున్న ఖనిజం. ఆక్సిజన్ లేని నల్లటి బురదలో పుడుతుంది కాబట్టి నల్ల పలకరాయిలో ఎక్కువ. చతురస్రపు అంచులతో గింజల్లా విడివిడిగా ఉంటే కొంతలో కొంత నయం, మరక అక్కడక్కడే ఉంటుంది. పొడి చల్లినట్టు, తీగలు సాగినట్టు ఉంటే వద్దే వద్దు. నీరూ గాలీ తగలగానే ఇనుము తుప్పుగా కారుతుంది, గంధకం నుంచి ఆమ్లం పుడుతుంది. రాయిలో సున్నం పాలు ఉంటే ఆ ఆమ్లం దాన్ని జిప్సంగా మారుస్తుంది. జిప్సం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనక పొరల్ని లోపలినుంచి నెడుతుంది. అందుకే యాసిడ్ చుక్క పరీక్ష పలకరాయి అని తెలిసిన రాయికి కూడా చేయాలి: కాస్త పొంగినా, మెరుపు గింజలు కూడా ఉంటే, రెండూ కలిసిన రాయి బయట నిలవదు.

కొలతల విషయంలో ‘కాలిబ్రేటెడ్’ అన్నదే తీసుకోండి. అంటే పైముఖం సహజంగా చీలింది, అడుగు మాత్రం యంత్రం మీద అరగదీసి సమం చేసింది. అరగదీయనిదాని ధర తక్కువ గానీ, ఒకే కట్టలో 7 మిల్లీమీటర్లదీ 14 మిల్లీమీటర్లదీ పక్కపక్కన వస్తాయి. మిగిలిన డబ్బు జిగురుకీ కూలికీ పోతుంది. కావలసినదాని మీద 10 నుంచి 15 శాతం ఎక్కువ కొనాలి, ఒకేసారి కొనాలి. క్వారీలో కొన్ని అడుగులు జరిగితేనే రంగు మారుతుంది, తర్వాత వెళితే అదే రంగు దొరకదు. వేసేటప్పుడు నాలుగైదు పెట్టెలు ఒకేసారి విప్పి కలిపి వేయించండి.

గచ్చుకి 10 నుంచి 12 మిల్లీమీటర్లు, గోడకి 8 నుంచి 10 ఉంటే సరిపోతుంది. 10 మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకి రెండున్నర కిలోల పైనే ఉంటుంది. తలెత్తు దాటిన గోడలకి జిగురొక్కటే నమ్ముకోకుండా స్టెయిన్‌లెస్ స్టీల్ కొక్కేలు కూడా పెట్టించాలి. సిమెంటు పాలు పూసి అతికించే పాత పద్ధతి దీనికి పనికిరాదు. అడుగున బోలు మిగులుతుంది, బోలు మీద కాలు పడితే పలచటి రాయి విరుగుతుంది. ఐఎస్ 15477 (టైల్ జిగురుకి భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న, పాలిమర్ కలిసిన జిగురు తీసుకుని, గోడకీ పూయాలి, రాయి వీపుకీ పూయాలి. వీపు మీద అరగదీసిన దుమ్ము ఉంటుంది, ముందు తడిబట్టతో తుడవకపోతే జిగురు రాయిని కాకుండా దుమ్మునే పట్టుకుంటుంది. ఈ ఒక్క పని మానేయడం వల్ల ఊడే టైల్సే ఎక్కువ.

సందు 5 మిల్లీమీటర్లకి తగ్గించవద్దు, చేత్తో కొట్టిన అంచులైతే 8. ఎండ పడే అరుగు మీద మూడు మీటర్లకి ఒకచోట సాగే సీలెంట్ నింపిన సందు వదలాలి. సందులు నింపేముందే ఒక పూత సీలర్ (నీరు లోపలికి దిగకుండా ఆపే ద్రవం) వేయాలి. ముందు వేయకపోతే గరుకు ముఖంలోకి సిమెంటు పాలు దిగి తెల్లటి మసకలా ఉండిపోతాయి. చివర్లో ఆ మసక పోగొట్టడానికి పనివాళ్ళు యాసిడ్ తీస్తారు, అప్పుడే అసలు నష్టం జరుగుతుంది: యాసిడ్ క్లోరైట్‌లోని ఇనుమును బయటికి లాగి ఆకుపచ్చ రాయిని గోధుమ రంగు చేస్తుంది. గ్రౌట్‌ని, అంటే సందులు నింపే ముద్దని, గరిటెతో పులిమేయకుండా కోన్‌లో నింపి సందులోకే పిండించండి.

సీలర్లో రాయి లోపలికి దిగే రకం, అంటే సిలేన్, సిలోక్సేన్ రకం మంచిది. రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ వేయాలి. పైన మెరిసే లక్కలా ఉండే ‘వెట్ లుక్’ పూత మొదటి నెల కళకళలాడుతుంది. తర్వాత లోపలి తేమకి దారి లేక పొక్కులు తేలి తెల్లబడుతుంది. నెల్లూరు, కావలి, సింగరాయకొండ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో ఈ పూతని అసలు వాడొద్దు. ఉప్పు నీరు పొరల సందుల్లోకి దిగి, ఆరినప్పుడు స్ఫటికాలై పొరల్ని విడదీస్తుంది. అక్కడ గోడ అడుగు భాగం, నేలనుంచి తేమ ఎక్కే మొదటి అడుగున్నర, గ్రానైట్‌తోనో క్వార్ట్‌జైట్‌తోనో కట్టుకుని ఆపైన పలకరాయి వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. టైల్ అంచులు, ముఖ్యంగా మెట్ల ముందంచులు, సీలర్లో రెండుసార్లు తడపాలి. నీరు ముఖంలోంచి కన్నా అంచులోంచే తేలిగ్గా లోపలికి పోతుంది. అరుగుకి మీటరుకి ఒక సెంటీమీటరైనా వాలు ఉంచండి.

ఎండ సంగతి కూడా చెప్పాలి. నల్ల పలకరాయి మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా కాలు పెట్టనివ్వదు. పైకప్పు మీద, తులసికోట చుట్టూ, చిన్నపిల్లలు తిరిగే చోట లేత బూడిద రంగు తీసుకోండి.

కోసేటప్పుడు గ్రైండర్‌తో పొడిగా కోయనివ్వకండి. ఈ రాయిలో క్వార్ట్‌జ్ ఉంటుంది. ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. రాతి పనివాళ్ళకి వచ్చే సిలికోసిస్ దీనివల్లే. నీళ్ళు పోస్తూ కోసే యంత్రం అద్దెకి తెప్పించాలి, పనివాళ్ళకి ఎన్95 మాస్కులు మీరే కొనిపెట్టాలి, ఆ రెండిటి ఖర్చు ముందే అంచనాలో రాసుకోవాలి. ఎక్కడైనా పొర లేస్తే పైన పూతలు వేసి లాభం లేదు. వదులైన పొరని పలచటి ఉలితో పూర్తిగా ఊడదీసి, కింద గట్టి పొర మోగుతుందో లేదో తట్టి చూసి, ఆరనిచ్చి సీలర్ వేయాలి. మోగకపోతే టైల్ మార్చేయాలి. ఎక్కువ కొన్న ఆ 10 శాతం అప్పటికి పనికొస్తుంది, పారేయకుండా నీడలో నిలబెట్టి దాచండి.